పోయిన బోల్టు ఎక్కడికీ పోదు

ఇంజన్ పనంతా అయిపోయింది. ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ బిగించారు, పైపులు తగిలించారు, ఇక బ్యాటరీ వైరు పెట్టడమే తరువాయి. అప్పుడు కనిపిస్తుంది ట్రే అడుగున ఒక బోల్టు. లేదా కథ తిరగబడుతుంది. ట్రే ఖాళీగా ఉంటుంది, ఇంజన్ మీద మాత్రం ఒక రంధ్రం నోరు తెరుచుకుని కనిపిస్తుంది.

మొదటిదానికి షెడ్లలో ఒక జోకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "కంపెనీవాడు ఒకటి ఎక్స్‌ట్రా ఇచ్చాడు సార్!" రెండోదానికి జోకు లేదు. మిగిలిన బోల్టు కళ్లముందే ఉంది, దాని చోటు తెలిస్తే చాలు. కనిపించని బోల్టు సంగతి వేరు. అది నేల మీద పడి బల్ల కిందికి దొర్లిపోయి ఉండొచ్చు, ఇంజన్‌లోకి గాలి పోయే ఇన్‌టేక్ గొట్టంలో దూరి కూర్చుని ఉండొచ్చు. ఇనుము ఆవిరైపోదు కదా. ఎక్కడుందో తేలేదాకా అది ఇంజన్ లోపలే ఉందని లెక్కేసుకోవాలి. అలా లెక్కేసుకుంటే అరగంట వృథా కావచ్చు. లెక్కేసుకోకపోతే ఇంజనే పోవచ్చు.

బోల్టు చేసే పని

బోల్టును మేకులాంటిదని అనుకోవడం దగ్గరే చాలా పొరపాట్లు మొదలవుతాయి. మేకు అడ్డంగా నిలబడి ఆపుతుంది. బోల్టు అలా కాదు, అదొక స్ప్రింగు. పానాతో బిగించినప్పుడు దాని ఒళ్లు సాగుతుంది. సాగింది మళ్లీ పొట్టి కావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలను ఒకదానికొకటి అదిమి పెడుతుంది. 8.8 రకం ఎం8 బోల్టును (అంటే 8 మిల్లీమీటర్ల మందం ఉన్నదాన్ని) 25 న్యూటన్ మీటర్ల టార్క్‌కు, అంటే అంత తిప్పుడు బలానికి, బిగిస్తే దాదాపు ఒకటిన్నర టన్నుల బరువు పెట్టినంతగా అదుముతుంది. వేలెడంత కూడా లేని ముక్క చేసే పని అది. ఇంతా చేసి అది సాగేది, నాలుగు సెంటీమీటర్ల పొడవు మీద, మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

లూజు కావడం ఎందుకంత తేలికో ఈ చివరి అంకెలోనే ఉంది. బోల్టు తల కింద పెయింటు పొర ఉందనుకుందాం, లేదా పాత ప్యాకింగ్ తునక ఇరుక్కుందనుకుందాం. ఇంజన్ నాలుగుసార్లు వేడెక్కి చల్లారేసరికి అది 0.02 మిల్లీమీటర్లు నలిగినా చాలు, బిగువులో అయిదో వంతు దాకా పోయినట్టే. బోల్టు ఒక్క చుట్టు కూడా వెనక్కి తిరగలేదు, చూడటానికి ఉన్నచోటే ఉంది, అయినా లూజు. అందుకే పాత ప్యాకింగ్ గీకి, రెండు ముఖాలూ గుడ్డతో తుడవడాన్ని చాదస్తం అనుకోకూడదు. బిగింపు పని అక్కడే మొదలవుతుంది.

ఇంకో సంగతి. బోల్టు విరిగితే ముందుగా వినిపించే మాట "ఎవడో గట్టిగా బిగించాడు" అని. అదీ జరుగుతుంది. కానీ నడుస్తున్న బండిలో విరిగిన బోల్టుల్లో చాలావాటి కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. సరైన బిగువులో ఉన్నంతకాలం ఇంజన్ అదురంతా అదిమి ఉన్న భాగాల మీదికి పోతుంది, బోల్టుకు తగిలేది కొంచెమే. బిగువు పోయాక ప్రతి అదురూ దాని ఒంటికే తగులుతుంది. తీగను అటూ ఇటూ వంచుతుంటే ఎలా తెగుతుందో అలాగే అలసిపోయి తెగుతుంది. విరిగిన ముఖాన్ని చూస్తే తెలుస్తుంది. అలసి తెగినదాని మీద, ఇసుక మీద అలలు వదిలిపోయిన గీతల్లాంటి వంపు గీతలు నున్నగా కనిపిస్తాయి. అతిగా బిగించడం వల్ల తెగినదైతే విరిగే ముందు సాగి, నడుము సన్నబడి ఉంటుంది. విరిగిన ముక్కను పారేసేముందు ఒక్క నిమిషం చూస్తే, కొత్త బోల్టు కూడా అలాగే విరుగుతుందా లేదా అన్నది ముందే తెలిసిపోతుంది.

చేతిలోంచి జారినప్పుడు

బోల్టు జారగానే చేతులు కదపకుండా చెవి పెట్టాలి. సిమెంటు నేల మీద పడితే టంగుమంటుంది. ప్లాస్టిక్ మీద పడితే మందంగా టప్‌మంటుంది. ఏ చప్పుడూ రాకపోతేనే టెన్షన్. ఇప్పటి కార్లలో ఇంజన్ కింద ప్లాస్టిక్ కవరు ఉంటుంది, పై నుంచి పడ్డవాటిలో చాలామటుకు అక్కడే దొరుకుతాయి. అది విప్పడానికి బద్ధకించి, పైనుంచి టార్చి కొట్టి వెతుకుతూ గంట గడిపేవాళ్లు ఎందరో. తర్వాత చూడాల్సింది ఇంజన్‌ను మోసే క్రాస్ మెంబర్ గుంటలు, ఆల్టర్నేటర్ వెనక సందు, గేర్‌బాక్స్ పైన పళ్లెంలా ఉండే చోటు.

దొరక్కపోతే ఒక పాత ఉపాయం ఉంది. అదే సైజు బోల్టు ఇంకొకటి తీసుకుని, దానికి దారం కట్టి, మొదటిది జారిన చోటు నుంచే వదలాలి. అది ఎటు దొర్లుతుందో చూస్తే మొదటిది పోయిన దారి తెలుస్తుంది. దారం మరిచిపోతే వెతకాల్సినవి రెండవుతాయి. లాగితే పొడవయ్యే మ్యాగ్నెట్ పుల్ల, ఫోనుకు తగిలించే సన్న కెమెరా రెండూ ఇప్పుడు చాలా టూల్స్ షాపుల్లో దొరుకుతున్నాయి. అయితే ఇత్తడి, అల్యూమినియం ముక్కలను మ్యాగ్నెట్ పట్టదు, స్టెయిన్‌లెస్ స్టీల్లో చాలా రకాలనూ పట్టదు. మ్యాగ్నెట్‌కు ఏదీ అంటుకోలేదంటే అక్కడ ఏదీ లేదని కాదు. కంప్రెసర్ గాలి కొట్టడం మాత్రం అస్సలు వద్దు. అంచు మీద నిలబడి ఉన్న బోల్టును లోపలికి నెట్టేది అదే.

ఇంజన్ లోపలికే పోయి ఉంటే ఎక్కడికి పోయిందన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. అన్నిటికంటే చెడ్డది ఇన్‌టేక్ దారి. గాలిని సిలిండర్లకు పంచే మ్యానిఫోల్డ్ విప్పి ఉన్నప్పుడు, సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్‌లోని పోర్టులు (గాలి దారులు) తెరిచే ఉంటాయి. వాటిలో పడ్డ నట్టు, ఆ వాల్వు తెరుచుకోగానే సిలిండర్‌లోకి జారుతుంది. పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కూ మధ్య దగ్గర చోట మిగిలే సందు చాలా ఇంజన్లలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఎం6 నట్టు మందం దాదాపు 5 మిల్లీమీటర్లు. సెల్ఫ్ కొడితే ఇంజన్ నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది, అంటే పిస్టన్ సెకనుకు మూడుసార్లు పైకొస్తుంది. "ఒక్కసారి కొట్టి చూద్దాం, శబ్దం వస్తే ఆపేద్దాం" అనేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి. శబ్దం వినపడేసరికే పిస్టన్ తల మీద గుంట పడి ఉంటుంది, వాల్వు వంగి ఉంటుంది.

అనుమానం ఉన్నప్పుడు బ్యాటరీ వైరు తీసేసి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి కెమెరాతో ఒక్కో సిలిండరూ చూడాలి. కనిపిస్తే మ్యాగ్నెట్‌తో పైకి తీయొచ్చు, పట్టే సందుంటే. పాత ఇంజన్లలో ప్లగ్గు రంధ్రం 14 మిల్లీమీటర్లు. కొత్తవాటిలో 12, కొన్నింట్లో 10. ఎం6 బోల్టు తల మూల నుంచి మూలకు 11 మిల్లీమీటర్లు దాటుతుంది. పట్టకపోతే హెడ్ దించడం తప్ప దారి లేదు. ఆ ఖర్చు విన్నాక బేరం మొదలవుతుంది గానీ, పిస్టన్‌తో బేరం కుదరదు.

వాల్వులను నడిపే బెల్టును కప్పి ఉంచే టైమింగ్ కవర్ లోపల పడటం దీనికి తమ్ముడి వరస. బెల్టుకూ పళ్లచక్రానికీ మధ్య బోల్టు ఇరుక్కుంటే బెల్టు ఒక పన్ను దాటేయొచ్చు, తెగిపోనూవచ్చు. పిస్టన్లూ వాల్వులూ ఒకే చోటును వంతులవారీగా వాడుకునే ఇంజన్లలో అప్పుడు రెండూ గుద్దుకుంటాయి. అందుకే టైమింగ్ పని తర్వాత సెల్ఫ్ కొట్టేముందు క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలంటారు. పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు పూర్తవుతుంది. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోవాలి, బలం పెట్టకూడదు.

క్లచ్ ఉండే బెల్ హౌసింగ్‌లో పడ్డది ఫ్లైవీల్‌తో పాటు తిరుగుతూ గరగరలాడుతుంది, సెల్ఫ్ పళ్లలో ఇరికితే పళ్లు పోతాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో పడ్డది వీటన్నిటికంటే నెమ్మదస్తురాలు. ఆయిల్ పంపు నోటికి జాలీ ఉంటుంది కాబట్టి బోల్టు లోపలికి పోదు. కొందరు అలాగే వదిలేస్తారు కూడా. అలా వదిలేయడం తప్పే. చాంబర్ లోతు తక్కువున్న ఇంజన్లలో క్రాంకు బరువులు దాని పక్కనుంచే తిరుగుతాయి, ఘాట్ రోడ్డు మలుపులో బోల్టు ఎటు జారుతుందో ఎవరు చూశారు?

జారకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. సాకెట్ లోపల కొంచెం గ్రీజు రాసినా, కాగితం ముక్క ఇరికించినా బోల్టు తల పట్టుకుని ఉంటుంది. తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలో గుడ్డ కుక్కాలి. ఎన్ని కుక్కారో లెక్క కూడా పెట్టుకోవాలి, ఇన్‌టేక్‌లో మర్చిపోయిన గుడ్డ ఇంకో కథ.

మిగిలిన బోల్టు ఎక్కడిది?

ట్రేలో మిగిలిన బోల్టు తన ఊరు తానే కొంత చెబుతుంది. ఎం6 అయితే 10 నంబర్ పానా పడుతుంది. అలాంటివి ట్యాపెట్ కవర్, చాంబర్, టైమింగ్ కవర్ లాంటి తేలికైన చోట్లవి. ఎం8కి జపాన్ పద్ధతిలో 12, యూరప్ పద్ధతిలో 13 నంబర్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బ్రాకెట్ల దగ్గర ఎక్కువగా ఇదే. ఎం10, అంతకు మించి ఉంటే ఇంజన్ మౌంటింగ్ లేదా గేర్‌బాక్స్. అప్పుడు జోకులు ఆపేసి వెతకాలి. తల మీది 8.8, 10.9 అంకెలు బలం చెబుతాయి. మొదటి అంకెను 100తో హెచ్చిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది, చుక్క తర్వాతది అందులో ఎన్ని పదో వంతుల దగ్గర శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. మరల మీది మురికీ సాక్ష్యమే. ఆయిల్ తడి ఉంటే లోపలి రంధ్రం, పచ్చటి తెల్లటి పొడి ఉంటే కూలెంట్ దగ్గరిది, ఎర్రగా కాలి ఉంటే ఎగ్జాస్ట్ వైపుది. మర కొసన నీలం మరక ఉంటే లాక్ చేసే జిగురు రాసిన బోల్టు. ఇంజన్ మీద కూడా గుర్తులుంటాయి. బోల్టు తల కూర్చున్న చోట శుభ్రంగా మెరిసే ఉంగరం మిగులుతుంది. అలాంటి ఉంగరం ఉండి మధ్యలో ఖాళీ ఉందంటే దొరికినట్టే.

బోల్టు పోయి కొత్తది తేవాల్సి వస్తే అసలు చిక్కు "చూడ్డానికి అదే" అన్న మాటతో వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కౌంటర్ మీద పాత బోల్టు పెడితే నిమిషంలో దాని కవల వస్తుంది. కవలే, కానీ అదే మనిషి కాదు. ఎం10లో 1.5 మర ఉంది, 1.25 మర ఉంది (మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో). కంటికి తేడా కనపడదు. రెండు బోల్టులను పక్కపక్కన మరలు కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మాత్రం సందు కనిపిస్తుంది. ఎం8 రంధ్రంలో అంగుళంలో 5/16 వంతు బోల్టు రెండు మూడు చుట్లు హాయిగా పోతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ బలం పెడితే అల్యూమినియం మర నాశనం.

ఇది ఎంతదాకా పోతుందో చూపించిన ఘటన కారుది కాదు, విమానానిది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం కాక్‌పిట్ అద్దం 17 వేల అడుగుల పైన ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, విమానం సౌతాంప్టన్‌లో దిగింది, ఆయన బతికాడు. ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే 0.66 మిల్లీమీటర్లు సన్నవి. మిగతా ఆరు పొట్టివి. పాత బోల్టును కొత్తదానితో కంటిచూపుతో పోల్చి తీసుకొచ్చారు. వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిచి ఉంటే ఆ తేడా అక్కడికక్కడే బయటపడేది.

కారు దగ్గర మందం కంటే పొడవు ఎక్కువ మోసం చేస్తుంది. వాటర్ పంపుకూ టైమింగ్ కవర్‌కూ ఒకే మందం, రెండు మూడు పొడవుల బోల్టులు ఉండటం మామూలే. పొట్టిదాని చోట పొడవుది పెడితే అది రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. అనుకున్న టార్క్ రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచ్ టక్కుమంటుంది, చెయ్యి గట్టిగా ఉందంటుంది, భాగం మాత్రం కదులుతూనే ఉంటుంది. పొడవుదాని చోట పొట్టిది పెడితే నాలుగే మరలు పట్టుకుని, అవీ ఊడొస్తాయి. అల్యూమినియంలో కనీసం బోల్టు మందానికి ఒకటిన్నర రెట్ల లోతు మర పట్టాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ గానీ నీళ్లు గానీ నిలిచి ఉండటం ఇంకా ప్రమాదం. ద్రవం నలగదు కదా, బిగిస్తుంటే పోవడానికి దారిలేక బ్లాక్‌నే పగలగొడుతుంది. హెడ్ బోల్టులు పెట్టేముందు రంధ్రాలు ఆరబెట్టడం ఇందుకే.

మళ్లీ మళ్లీ లూజవుతుంటే

స్ప్రింగ్ వాషర్ వేస్తే సరిపోతుందన్నది తరతరాలుగా వస్తున్న నమ్మకం. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ చూపించింది వేరు. బోల్టును దాని పొడవు వెంట లాగే అదురు కంటే, రెండు భాగాలను పక్కకు జరిపే అదురే దాన్ని తిప్పి వదులు చేస్తుంది. అలాంటి అదురుకు మామూలు స్ప్రింగ్ వాషర్ పెద్దగా అడ్డు కాదు. భాగాలు పక్కకు జరగనంత బిగువు ఉండటమే అసలు తాళం. లాక్ జిగురు దానికి తోడు మాత్రమే. నీలం రకం మామూలు పానాకు ఊడుతుంది, ఎర్రదానికి బాగా వేడి పెట్టాలి. ఎక్కడ పడితే అక్కడ ఎర్రది పూసేవాళ్లు తర్వాత విప్పబోయే మనిషిని తలుచుకుంటే బాగుంటుంది.

బోల్టు తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే మర పోయింది. మరకు నార చుట్టడం, ఎం-సీల్ నింపడం ఇంటి నీళ్ల పైపుకు చెల్లుతాయేమో గానీ ఇంజన్‌కు కాదు. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కొట్టి, అందులో హెలికాయిల్ అనే స్టీలు తీగ చుట్టను దించితే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. అల్యూమినియం మర కంటే ఇది గట్టిది కూడా. మంచి లేత్ షాపులో ఇది రోజువారీ పని. చిల్లు వంకరపోకుండా చూడటమొక్కటే నైపుణ్యం.

బిగింపు విషయంలో చేతి అంచనా ఎందుకు పనికిరాదో కూడా లెక్కతో చెప్పొచ్చు. పానా మీద పెట్టిన బలంలో సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది. దాదాపు 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసేది ఆ మిగిలిన పదో వంతే. పొడి మరలకు ఇచ్చిన అంకెతో ఆయిల్ రాసిన బోల్టును బిగిస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. ఎం6 బోల్టులు తెగేది ఎక్కువగా ఇలాగే. వాటికి కావాల్సింది 10 న్యూటన్ మీటర్లే, బారు రాచెట్‌తో చెయ్యి తెలియకుండానే దాని రెట్టింపు పెట్టేస్తుంది. హెడ్ బోల్టుల్లో ఈ రాపిడి గొడవ తప్పించడానికే కంపెనీలు టార్క్‌తో ఆపకుండా, ఆపైన బోల్టును ఎన్ని డిగ్రీలు తిప్పాలో కూడా చెబుతాయి. ముందు కొంత టార్క్, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు, ఇలా. ఆ రకం బోల్టు శాశ్వతంగా సాగేదాకా బిగిస్తారు కాబట్టి ఒకసారి విప్పాక చాలా కంపెనీలు మార్చమనే అంటాయి. పాతవే వాడి మిగుల్చుకున్న డబ్బు రెండో హెడ్ ప్యాకింగ్‌కు పోతుంది.

విప్పేటప్పుడే లెక్క పెట్టుకుంటే ఈ వెతుకులాటలో సగం ఉండదు. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ముగ్గు చుక్కల్లా చిల్లులు పెట్టి, ఏ చోటి బోల్టును ఆ చిల్లులో గుచ్చితే పొడవుల తికమక ఉండదు. చివరి టార్క్ ఇచ్చాక తల మీంచి భాగం మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తే, బిగించింది ఏది, చేత్తో తిప్పి వదిలేసింది ఏది అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. పని మధ్యలో భోజనానికి లేచే షెడ్డులో ఈ గీత విలువ చాలా ఎక్కువ. పెద్ద ఫ్యాక్టరీలు కూడా ఇక్కడే జారిపడ్డాయి. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ విమానం పక్క గోడలోని డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటును మూసే పలక) గాల్లో ఊడిపోయింది. రివెట్ల రిపేరు కోసం ఫ్యాక్టరీలో దాన్ని తెరిచినప్పుడు తీసిన నాలుగు బోల్టులు తిరిగి పెట్టలేదని దర్యాప్తులో తేలింది. ఆ ప్లగ్ తెరిచినట్టు రాసిన కాగితమే దొరకలేదు.

ఒక బోల్టు లేకుండా ఇంటిదాకా పోవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇంజన్ కింది ప్లాస్టిక్ కవర్‌దైతే, మిగతావి పట్టుకుని ఉంటే, పోవచ్చు. ట్యాపెట్ కవర్ పది బోల్టుల్లో ఒకటైతే ఆయిల్ చూసుకుంటూ మెల్లగా పోవచ్చు, ఆయిల్ ఎగ్జాస్ట్ మీద కారనంతవరకు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ది అయితే ఉదయం చల్లటి ఇంజన్‌లో టిక్‌టిక్‌మంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. తగ్గింది కదా అని వారాలు తిప్పితే పక్క స్టడ్ (తల లేని బోల్టు) కూడా తెగొచ్చు. ఇంజన్ మౌంటింగ్, క్రాంక్ పుల్లీ, టైమింగ్ టెన్షనర్, డీజిల్ ఇంజెక్టర్‌ను పట్టే క్లాంపు, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బండి కదపకూడదు. ఇక చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు రోడ్డు మీద ఊడితే మూడు నాలుగు లీటర్ల ఆయిల్ నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగిన క్షణంలో తాళం తిప్పి ఆపేసిన ఇంజన్ బతికే అవకాశం ఉంది. "షెడ్డు ఇక్కడే కదా" అని ఇంకో రెండు కిలోమీటర్లు నడిపినదానికి బేరింగులు మిగలవు.